నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగిపోతున్న సీటు గడ్డికోత యంత్రం: కాయిల్ కొనాలా, వైరింగ్ వెతకాలా?

తోతాపురి_బంగారుపాళెం

మామిడితోటలో వరుసల మధ్య గడ్డి కోయడానికి, కూర్చుని నడిపే పెట్రోలు యంత్రం ఒకటి పాతది కొన్నాను. ఒకే సిలిండరు, 17.5 హెచ్‌పీ, 42 అంగుళాల కోత వెడల్పు, 12 వోల్టుల బ్యాటరీ. పొద్దున్నే తాళం తిప్పగానే అందుకుంటుంది. బ్లేడు తిరుగుతున్నా తిరగకపోయినా, నేల చదునుగా ఉన్నా గతుకులున్నా, అరగంట లోపల ఎవరో తాళం వెనక్కి తిప్పినట్టు ఠక్కున ఆగిపోతుంది. చెట్టు నీడలో కాసేపు వదిలేస్తే మళ్లీ స్టార్టవుతుంది గానీ, రెండోసారి మరింత త్వరగా ఆగుతుంది. స్టార్టరు తిరగడంలో ఏ లోపమూ లేదు.

పట్టణంలో ఒక మెకానిక్కు చూపిస్తే ప్లగ్గు మార్చారు, బ్యాటరీ మార్చారు, కార్బొరేటరు విప్పి కడిగారు. ఇప్పుడు ప్లగ్గుకు స్పార్కు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ పోయిందంటున్నారు. అది చెన్నై నుంచి తెప్పించాలట, వేశాక పని చేయకపోతే వెనక్కి తీసుకోరట. కొనే ముందే అది కాయిలేనని రుజువు చేసుకునే దారి ఉందా? కాయ కోతకు వచ్చేలోపు తోట శుభ్రం కాకపోతే, గడ్డిలో పాములుంటాయని కూలీలు అడుగు పెట్టరు.

కోనేటి_కట్ట

వేడెక్కాక ఆగి, చల్లారాక నడిస్తే అది కాయిలే. నా బ్రష్ కట్టరుకూ ఇదే జబ్బు వచ్చింది, కాయిల్ మార్చిన రోజుతో పోయింది. ఆలోచించకుండా ఆర్డరు పెట్టండి.

రేణిగుంట_ఆటోవైరింగ్

ఆలోచించకుండా ఆర్డరు పెట్టే కాయిళ్ల వల్లే దుకాణాలు నడుస్తున్నాయి. కాయిల్ కావచ్చు, కాదనను. అయితే ఇదే లక్షణం చూపించే దోషాలు మరికొన్ని ఉన్నాయి.

బ్రష్ కట్టరులో స్విచ్చు ఒకటే ఉంటుంది. సీటు యంత్రంలో ఇంజన్‌ను ఆపే హక్కు చాలామందికి ఉంటుంది: తాళం స్విచ్చు, సీటు కింది స్విచ్చు, బ్రేకు పెడల్ దగ్గరి స్విచ్చు, బ్లేడు స్విచ్చు, కొన్నింటిలో రివర్సు స్విచ్చు కూడా. ఇవన్నీ చేసేది ఒకటే పని. ఇంజన్ నుంచి బయటకు వచ్చే సన్నని కిల్ వైరును బాడీకి ఎర్త్ చేస్తాయి. అది ఎర్త్ అయితే కాయిల్ ఎంత మంచిదైనా స్పార్కు రాదు. కాబట్టి కిల్ వైరు దారి పొడవునా ఎక్కడ తోలు లేచి బాడీకి తగిలినా, ఏ స్విచ్చు లోపల తుప్పు పట్టినా, కాయిల్ చచ్చిపోయినట్టే కనిపిస్తుంది.

రెండో దారి పెట్రోలుది. చాలా ఇంజన్లలో కార్బొరేటరు గిన్నె అడుగున సోలినాయిడ్ అనే కరెంటు వాల్వు ఒకటి ఉంటుంది. దానికి 12 వోల్టులు అందినంతసేపే లోపలి పిన్ను వెనక్కి తగ్గి పెట్రోలును వదులుతుంది. ఫ్యూజు పట్టు వదిలినా, తాళం స్విచ్చు లోపలి కాంటాక్టు వేడికి సడలినా సోలినాయిడ్ మూసుకుంటుంది, బండి ఆగుతుంది.

అందుచేత మొదట తేల్చవలసింది ఒక్కటే: ఆగిన క్షణంలో పోయింది స్పార్కా, పెట్రోలా? ప్లగ్గుకూ ప్లగ్గు వైరుకూ మధ్య బిగించే, లోపల చిన్న బల్బు దీపం ఉండే స్పార్కు టెస్టరు తెచ్చుకోండి. అది బిగించి బండిని నడవనివ్వండి. ఇంజన్ ప్రాణం పోతున్నప్పుడు ఫ్లైవీలు, అంటే ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం, ఇంకా రెండు మూడు క్షణాలు తిరుగుతుంది. ఆ క్షణాల్లో దీపం వెలుగుతూనే ఉంటే స్పార్కు ఉన్నట్టు, దోషం పెట్రోలు వైపు. ఇంజన్‌తో పాటే దీపమూ ఆరిపోతే దోషం స్పార్కు వైపు. ఆగి చల్లారాక చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి, దొంగ పారిపోయాక కాపలా కాసినట్టు ఉంటుంది.

నగరి_చెరకు

దానికంటే ముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. పెట్రోలు ట్యాంకు మూతకు గాలి రంధ్రం ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి పెట్రోలు దిగదు. ఆపి ఉంచితే మెల్లగా గాలి చేరి మళ్లీ నడుస్తుంది. అరగంట నడవడం, ఆగడం, కాసేపటికి నడవడం అచ్చం అలాగే ఉంటుంది. ఆగగానే మూత వదులు చేయండి; బుస్సుమని గాలి పీల్చితే జబ్బు దొరికినట్టే.

మరో మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇలాంటి చిన్న ఇంజన్ల మాన్యువళ్లలో చాలావరకు 10 శాతం వరకే అనుమతి రాసి ఉంటుంది. ఇథనాల్ తేమను పీలుస్తుంది కాబట్టి, వారాల తరబడి ట్యాంకులో నిలవ ఉంచితే అడుగున నీరు చేరుతుంది. కరెంటు దోషమని పేరు పెట్టే ముందు ఇది కూడా చూసుకోవాలి.

రేణిగుంట_ఆటోవైరింగ్

నగరి గారు చెప్పింది నిజం. కాకపోతే పెట్రోలు అందక ఆగే ఇంజన్ ముందు తడబడుతుంది, మోత ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. వీరు ఠక్కున అన్నారు కాబట్టి నా అనుమానం కరెంటు మీదే ఉంది. అయినా మూత పరీక్షకు పోయేదేమీ లేదు.

పాతకాలపు_పానా

ప్లాటినం పాయింట్లు ఎమెరీ కాగితంతో గీకి, కండెన్సరు మార్చి చూశారా? వేడెక్కితే కండెన్సరు లీకవుతుంది. మా రోజుల్లో పంపుసెట్టు ఆగిందంటే ముందు చూసేది అదే.

విశ్రాంత_రైల్వే

స్పార్కు కోసం కరెంటును కలిపి తెంచే ఆ పాయింట్లు ఈ యంత్రంలో ఉండే అవకాశం దాదాపు లేదు. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ వారు 1982లోనే పాయింట్లు, కండెన్సరు అవసరం లేని ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌కు మారారు, మిగతా తయారీదారులూ అదే దారి పట్టారు. ఇప్పటి కాయిల్‌లో ఆ పనంతా లోపలి ట్రాన్సిస్టరే చేస్తుంది, గీకడానికి ఏమీ దొరకదు.

నేను తిరుపతి క్యారేజీ రిపేరు షాపులో ఎలక్ట్రికల్ విభాగంలో పని చేసి విరమించాను. ప్రశ్న వేసినవారికి ఒక విషయం స్పష్టం చేయాలి. ఈ ఇంజన్లలో స్పార్కుకూ బ్యాటరీకీ సంబంధం లేదు. ఫ్లైవీలు అంచున ఉన్న అయస్కాంతం కాయిల్ ముందు నుంచి దూసుకుపోయినప్పుడు కరెంటు అక్కడికక్కడే పుడుతుంది. ఫ్లైవీలుకూ కాయిల్‌కూ మధ్య సందు సుమారు పావు మిల్లీమీటరు ఉండాలి, అంటే విజిటింగు కార్డు ఒకటి మధ్యలో పెట్టి బిగిస్తే సరిపోతుంది. బ్యాటరీ కావలసింది స్టార్టరుకు, సోలినాయిడ్‌కు, బ్లేడు క్లచ్చుకు. అందువల్ల బ్యాటరీ మార్చడం ఈ జబ్బుకు మందు అయ్యేది సోలినాయిడ్ దోషమైతేనే, అది కూడా అరుదుగానే.

మైదానం_పర్యవేక్షకురాలు

ఒక విద్యాసంస్థ ఆటస్థలం బాధ్యత నాది. మా బండి కూడా ఆగేది, కానీ సమయం ప్రకారం కాదు, మలుపుల దగ్గరా గతుకుల దగ్గరా. నడిపే అబ్బాయి బక్కపలచగా ఉంటాడు. అతను స్టీరింగు వైపు ముందుకు వంగినప్పుడల్లా సీటు కొద్దిగా లేచి, కింద ఉన్న ప్లాస్టిక్ బొడిపె పైకి వచ్చేది. సీటు ఎత్తి చూస్తే ఆ బొడిపె ఒక పక్కకు అరిగిపోయి ఉంది, దాని చుట్టూ ఎండుగడ్డి పొడి గట్టిగా కూరుకుపోయింది. శుభ్రం చేసి స్విచ్చు మార్చాం, సీటు స్ప్రింగు బిగువు ఒక మెట్టు తగ్గించాం. ఇప్పుడు ఆగడం లేదు. తోతాపురి గారి బండి చదునులో కూడా ఆగుతోంది కాబట్టి సీటు స్విచ్చు కాకపోవచ్చు, అయినా చూడడానికి అయిదు నిమిషాలే పడుతుంది.

షార్ట్‌కట్_సామి

సీటు కింది రెండు వైర్లూ కత్తిరించి కలిపేస్తే పోతుంది కదా సామీ. నేను అన్ని బండ్లకూ అదే చేస్తాను, ఒక్కటీ తిరిగి రాలేదు.

మైదానం_పర్యవేక్షకురాలు

తిరిగి రాకపోవడానికి కారణం వేరే ఉండవచ్చు. నేను ఉద్యోగంలో చేరేనాటికి మా బండికి ఎవరో అలాగే కలిపి ఉంచారు. డ్రైవరు ఇంజన్ ఆపకుండా దిగి, బ్లేడును కప్పే డెక్కు కింద ఇరుక్కున్న గడ్డిని కాలితో తోసాడు. చెప్పు కొన తెగిపడింది. వేళ్లు మిగిలాయి కాబట్టి ఈ సంగతి ఇక్కడ రాయగలుగుతున్నాను. ఆ స్విచ్చు మనల్ని విసిగించడానికి పెట్టింది కాదు.

రేణిగుంట_ఆటోవైరింగ్

పైగా సామి గారి సలహా అన్ని బండ్లకూ ఒకేలా పని చేయదు. కొన్ని యంత్రాల్లో మనిషి సీటు దిగితే స్విచ్చు కలుస్తుంది, కిల్ వైరు ఎర్త్ అవుతుంది. అటువంటి దానికి వైర్లు కలిపేస్తే బండి అసలే స్టార్టు కాదు. మరికొన్నింటిలో మనిషి కూర్చుంటేనే స్విచ్చు కలిసి రిలేకు కరెంటు వెళుతుంది. ఏది ఏ రకమో వైరింగ్ బొమ్మ చూడకుండా కత్తెర పట్టడం తగదు.

పలమనేరు_అడవంచు

మా వైపు పంపిస్తే గడ్డి సమస్యే ఉండదు. ఏనుగులు రాత్రికి రాత్రి శుభ్రం చేసి వెళతాయి, కాయిల్ అడగవు. చెట్లు కూడా మిగలవు, అదొక్కటే ఇబ్బంది.

తోతాపురి_బంగారుపాళెం

ఏనుగుల కంటే కాయిలే చవక అన్నా.

చెప్పినవన్నీ వరుసగా చేశాను. ట్యాంకు మూత వదులుగా పెట్టి నడిపినా అదే సమయానికి ఆగింది. పాత పెట్రోలు తీసి కొత్తది పోశాను, తేడా లేదు. సీటు కింద బొడిపె బాగానే ఉంది, నొక్కి వదిలితే స్ప్రింగు చక్కగా పనిచేస్తోంది. తిరుపతి నుంచి స్పార్కు టెస్టరు తెప్పించి బిగించాను. పట్టపగలు ఎండలో దీపం కనబడదని మా అబ్బాయి దానిమీద గొడుగు పట్టాడు. ఇంజన్ ఆగేముందు దీపం క్రమంగా మినుకుతూ ఉంది, ఉన్నట్టుండి ఆరిపోయింది, ఆ తర్వాతే ఫ్లైవీలు నెమ్మదించింది. వెంటనే తాళం తిప్పి స్టార్టరు కొట్టినా దీపం వెలగలేదు. తాళం ఆన్ చేసినప్పుడు కార్బొరేటరు దగ్గర టక్కుమనే శబ్దం మాత్రం వినిపిస్తోంది, అంటే సోలినాయిడ్ పనిచేస్తున్నట్టే అనుకుంటున్నాను.

కోనేటి_కట్ట

స్పార్కు పోయింది. నేను మొదటి జవాబులోనే చెప్పాను.

రేణిగుంట_ఆటోవైరింగ్

సగం దారి వచ్చాం. పెట్రోలు, సోలినాయిడ్ పక్కకు తప్పుకున్నాయి. స్పార్కును కాయిలే ఇవ్వడం లేదా, ఇస్తున్నదాన్ని కిల్ వైరు మింగేస్తోందా అనేది ఇంకా తేలలేదు. తేల్చడానికి మార్గం ఇది.

ఇంజన్ నుంచి బాడీ వైపు వెళ్లే వైరింగులో, ఇంజన్ పక్కనే ఒక కప్లర్, అంటే వైర్లను కలిపే ప్లాస్టిక్ జోడీ, ఉంటుంది. అందులో కాయిల్‌కు వెళ్లే సన్నని వైరు ఏదో ఫ్లైవీలు కవరు కిందికి చూసి గుర్తుపట్టండి. దాని లగ్గును (కొనకున్న లోహపు ముక్కను) విప్పి, ఇంజన్ వైపు కొనకు టేపు చుట్టి విడిగా ఉంచండి. ఇప్పుడు బండిని నడిపితే, కాయిల్ మంచిదైతే ఇంజన్ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. కాయిల్ చెడిపోయి ఉంటే కిల్ వైరు లేకపోయినా అరగంటకు ఆగిపోతుంది. అప్పుడు ధైర్యంగా చెన్నైకి ఫోను చేయండి.

ఇలా నడిపేటప్పుడు తాళంతో గానీ, సీటు స్విచ్చుతో గానీ స్పార్కు ఆగదని మరవవద్దు. బ్లేడు అస్సలు తిప్పకండి, చదును నేల మీద బ్రేకు వేసి ఒకేచోట నిలిపి ఉంచండి. మీ బండికి సోలినాయిడ్ ఉంది కాబట్టి తాళం తీస్తే పెట్రోలు ఆగి ఇంజన్ నిలిచిపోతుంది. అయినా పెట్రోలు కుళాయి చేతికందేలా చూసుకోండి.

అదే సమయంలో మల్టీమీటరును బీప్ మీద (రెండు కొనల మధ్య దారి కలిస్తే కూసేలా) పెట్టి, ఒక కొనను విడదీసిన కిల్ వైరులో బాడీ వైపు ఉన్న కొనకు, రెండో కొనను బోల్టు దగ్గర శుభ్రంగా ఉన్న బాడీకి తగిలించండి. మీరు సీటు మీద కూర్చుని, తాళం ఆన్‌లో ఉన్నంతవరకు మీటరు మౌనంగా ఉండాలి. బీప్ వచ్చిందంటే ఆ క్షణంలో ఎక్కడో వైరు బాడీకి తగిలినట్టు.

పాతకాలపు_పానా

మీటరెందుకు, బ్యాటరీ ప్లస్ నుంచి టెస్టు ల్యాంపు వేసి కిల్ వైరు మీద పెడితే చాలు. ఎర్త్ అయితే బల్బు వెలుగుతుంది, దూరం నుంచైనా కనిపిస్తుంది.

విశ్రాంత_రైల్వే

పానా గారూ, ఆ పద్ధతి తెలిసిన చేతుల్లో పనిచేస్తుంది, తెలియని చేతుల్లో కొత్త కాయిల్ కొనిపిస్తుంది. రెండు కొనలూ పక్కపక్కనే ఉంటాయి. పొరపాటున ల్యాంపు కొన ఇంజన్ వైపు కిల్ వైరుకు తగిలితే 12 వోల్టులు నేరుగా కాయిల్ లోపలి ట్రాన్సిస్టరుకు వెళ్లి, మంచి కాయిల్ అక్కడే కాలిపోతుంది. కిల్ వైరుకు ఎర్త్ తప్ప మరేదీ తగలకూడదు. మీటరే వాడండి. ఇంజన్ నడుస్తుండగా స్పార్కు ప్రభావంతో అంకెలు గంతులు వేస్తాయి, వాటిని పట్టించుకోకుండా ఎడతెగని బీప్‌ను మాత్రమే నమ్మండి.

తోతాపురి_బంగారుపాళెం

ఇంజన్ ఆగలేదు! మామూలుగా ఆగే సమయం దాటి, కాఫీ తాగి వచ్చినా నడుస్తూనే ఉంది. మీటరు మాత్రం, సరిగ్గా ఇంజన్ ఆగవలసిన సమయానికి, మొదట ముక్కలు ముక్కలుగా కూసి ఆ తర్వాత ఆగకుండా కూయడం మొదలుపెట్టింది. అప్పుడు నేను సీటు మీదే ఉన్నాను, తాళం ఆన్‌లోనే ఉంది.

కోనేటి_కట్ట

ఒకసారి ఆగనంత మాత్రాన కాయిల్ గట్టిదని చెప్పలేం. వేడికి ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. మే నెల ఎండలో మళ్లీ చూడాలి.

విశ్రాంత_రైల్వే

కాయిల్ ఒక్కటే అనుమానితుడైతే మీ మాట నిలిచేది కోనేటి గారూ. కానీ కిల్ వైరు ఎర్త్ అవుతున్నట్టు మీటరు సాక్ష్యం చెబుతోంది. చేతికి దొరికినవాడిని వదిలి దొరకనివాడి కోసం ఎదురుచూడడం ఎందుకు?

రేణిగుంట_ఆటోవైరింగ్

ఇక దూరం తక్కువే. ఇంజన్ ఆపండి, మీటరు మాత్రం తీయవద్దు. తాళాన్ని మళ్లీ ఆన్‌లో పెట్టి, బీప్ వస్తూ ఉండగానే వేగంగా పని కానివ్వాలి, చల్లారితే మళ్లీ మొదటికి వస్తుంది. ఒక మనిషిని సీటు మీద కూర్చోబెట్టి, బ్రేకు స్విచ్చు కప్లర్, బ్లేడు స్విచ్చు కప్లర్, సీటు స్విచ్చు కప్లర్, చివరికి తాళం స్విచ్చు వెనక కప్లర్ ఒక్కొక్కటే విప్పండి. ఏది విప్పగానే బీప్ ఆగితే ఆ స్విచ్చే దోషి. అన్నీ విప్పినా కూస్తూనే ఉంటే స్విచ్చులన్నీ నిర్దోషులు, వైరే ఎక్కడో బాడీని తాకుతోంది.

ఒక జాగ్రత్త. కొన్ని యంత్రాల్లో సీటు కప్లర్ విప్పగానే లోపలి చిన్న రేకు రెండు పిన్నులనూ కలిపేస్తుంది. ఎవరూ సీటు స్విచ్చు పీకేసి నడపకూడదని చేసిన ఏర్పాటు అది. అటువంటిదైతే దాన్ని విప్పినప్పుడు వచ్చే బీప్‌కు అర్థం లేదు, తిరిగి తగిలించి ముందుకు వెళ్లండి.

నగరి_చెరకు

ఎలుకల సంగతి ఎవరూ అనలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు పడినప్పుడు పొలంలో ఎలుకలు షెడ్డుల్లోకి చేరతాయి. బానెట్ కింద వెచ్చగా ఉంటుంది, ఎండుగడ్డి సిద్ధంగా ఉంటుంది, పళ్లకు పనికొచ్చే వైర్లు ఉంటాయి. మా ట్రాక్టరు వైరింగ్ రెండుసార్లు తిన్నాయి. ముందు బ్యాటరీ కింద, ఫ్లైవీలు కవరు పక్కన టార్చి వేసి చూడండి.

తోతాపురి_బంగారుపాళెం

దొరికింది. నగరి గారి ఎలుకలూ నిజమే, రేణిగుంట గారి లెక్కా నిజమే.

కప్లర్లన్నీ విప్పినా బీప్ ఆగలేదు. అప్పుడు వైర్ల కట్టను చేత్తో పట్టుకుని ఇంజన్ వైపు నుంచి వెనక్కి కొద్దికొద్దిగా కదుపుతూ వచ్చాను. సైలెన్సరు మీద వేడి తగలకుండా వేసే రేకు ఉంది కదా, దాని అంచు దగ్గర కట్టను అంగుళం పైకి ఎత్తగానే బీప్ ఆగింది. వదిలితే కూసింది. ఎత్తితే ఆగింది.

బ్యాటరీ తీసి టార్చి వేసి చూస్తే కథ అర్థమైంది. పాత యజమాని కాలంలో ఎప్పుడో ఎలుకలు కొరికిన వైరుకు ఎవరో అతుకు వేసి టేపు చుట్టారు. అతుకుతో వైరు పొట్టిదైపోవడంతో, అసలు దారిలో అందక, కట్టను రేకు మీదుగా లాగి ప్లాస్టిక్ ట్యాగ్‌తో బిగించారు. రేకు అంచున ఉన్నచోట టేపు కరిగి జిగురుగా మారింది, కిల్ వైరు తోలు నల్లబడి చీలింది, లోపలి రాగి పోగులు గోటి వెడల్పున మెరుస్తున్నాయి. చల్లగా ఉన్నప్పుడు ఆ జిగురు గట్టిపడి పోగులకూ రేకుకూ మధ్య అడ్డంగా నిలుస్తోంది. సైలెన్సరు కాలాక మెత్తబడి పోగులు రేకుకు ఆనుతున్నాయి. రెండోసారి త్వరగా ఆగడానికి కారణం కూడా ఇదే, రేకు అప్పటికే వేడిగా ఉంటుంది.

షార్ట్‌కట్_సామి

నల్లటేపు నాలుగు చుట్లు చుట్టి నడిపించండి, సీజను దాటిపోతుంది.

రేణిగుంట_ఆటోవైరింగ్

అక్కడ కరిగింది నల్లటేపే సామీ, మళ్లీ అదే చుట్టమంటే ఎలా?

తోతాపురి గారూ, కాలిన ముక్కను రెండు వైపులా మంచి తోలు కనిపించేదాకా కత్తిరించి తీసేయండి. మిగతా వైరు ఎంత మందమో అంతే మందం ఉన్న ఆటో వైరు, ఇంటి వైరింగుకు వాడే ఒంటి తీగది కాకుండా పోగులున్నది, కాస్త పొడవుగా వేయండి. ఒంటి తీగ ఇంజన్ అదురుకు విరిగిపోతుంది. అతుకులు మెలితిప్పి వదిలేయకుండా టాంకం పెట్టి, వేడికి ముడుచుకునే స్లీవ్ తొడగండి. అతుకు సైలెన్సరుకు దూరంగా ఉన్న చోట పడాలి. కట్ట మొత్తానికి వేడి తట్టుకునే ఫైబర్‌గ్లాస్ స్లీవ్ తొడిగి, అసలు దారిలోనే, రేకుకు తగలకుండా ఛాసిస్ వెంబడి తీసుకెళ్లండి. ఇంజన్ దగ్గర కొద్దిగా వదులు ఉంచండి, లేకపోతే అదురుకు లగ్గు దగ్గర తెగుతుంది. అదే కట్టలో సోలినాయిడ్ వైరు, ఛార్జింగ్ వైరు కూడా ఉంటాయి. వాటి తోలు కూడా అంగుళం అంగుళం వేలితో తడిమి చూడండి. ఒకటి కాలిన చోట పక్కది మంచిగా ఉండడం అరుదు.

మైదానం_పర్యవేక్షకురాలు

పని అయ్యాక పరీక్షలు మరవవద్దు. తాళం తీస్తే ఇంజన్ ఆగాలి. బ్లేడు వేసి, బండి కదలకుండా, సీటు మీద నుంచి బరువు కాస్త పైకి ఎత్తితే ఇంజన్ ఆగాలి. బ్రేకు నొక్కకుండా స్టార్టు కాకూడదు. కిల్ వైరును అతికించే పనిలో దాన్ని ఎక్కడైనా తెంచి వదిలేస్తే బండి బ్రహ్మాండంగా నడుస్తుంది, ఆగవలసినప్పుడు మాత్రం ఆగదు. మొదటి జబ్బు కంటే అది ప్రమాదం.

విశ్రాంత_రైల్వే

మీటరు చేతిలో ఉండగానే ఛార్జింగు కూడా కొలిచి పెట్టుకోండి. ఇంజన్ ఆపి కొన్ని గంటలు గడిచాక బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. పూర్తి వేగంలో ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ కొనల దగ్గర 13.5 నుంచి 14.5 మధ్య చూపాలి. తరువాత బ్లేడు స్విచ్చు వేసి మళ్లీ చూడండి.

ఎందుకంటే మా బంధువుల తోటలోని యంత్రం బ్లేడు వేసిన కాసేపటికే ఆగిపోయేది. కరెంటుతో పట్టే బ్లేడు క్లచ్చు నాలుగు ఆంపియర్ల దాకా లాగుతుంది. ఛార్జింగు లేకపోతే ఆ భారమంతా బ్యాటరీ మీదే పడి, వోల్టేజి దిగి, చివరికి సోలినాయిడ్ పట్టు వదిలేస్తుంది. అక్కడ అసలు దోషం బ్యాటరీ మైనస్ వైరు బాడీకి బిగించిన చోట ఉంది. ఎవరో ఛాసిస్‌కు రంగు వేయించి, రంగు గీకకుండానే లగ్గు బిగించారు. ఓం మీటరుతో కొలిస్తే అంతా బాగానే కనిపించింది, ఎందుకంటే మీటరు పంపే పిసరంత కరెంటుకు ఆ సందు చాలు. అసలు భారం పడినప్పుడు బ్యాటరీ మైనస్‌కూ ఇంజన్ దిమ్మెకూ మధ్య వోల్టులు కొలిస్తే బయటపడింది. అక్కడ 0.2 వోల్టు దాటకూడదు, వారిది ఒకటిన్నర దగ్గర ఉంది.

తోతాపురి_బంగారుపాళెం

కొత్త వైరు, స్లీవ్, దారి మార్పు, అన్నీ చెప్పినట్టే అయ్యాయి. పక్కన ఉన్న సోలినాయిడ్ వైరు తోలు కూడా ఒకచోట మెత్తబడి ఉంది, దాన్నీ మార్చాం. తూర్పు వైపు వరుసలన్నీ మధ్యాహ్నం ఎండలోనే కోశాను, బండి ఒక్కసారీ ఆగలేదు. తాళం, సీటు, బ్రేకు మూడు పరీక్షలూ నెగ్గింది.

అయితే రైల్వే గారు అడిగిన కొలత వేస్తే కొత్త చిక్కు వచ్చింది. పూర్తి వేగంలో కూడా బ్యాటరీ దగ్గర 12.3 మాత్రమే ఉంది, బ్లేడు వేస్తే 11.9కి దిగుతోంది. బ్యాటరీ కొత్తది కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు కాబోలు. పాత బ్యాటరీ చెడిపోయిందన్నది కూడా దీనివల్లేనా?

విశ్రాంత_రైల్వే

అయి ఉండవచ్చు. ఫ్లైవీలు కింద ఉన్న స్టేటరు ఏసీ పుట్టిస్తుంది, రెగ్యులేటరు దాన్ని డీసీగా మార్చి అదుపులో పెడుతుంది. స్టేటరు నుంచి వచ్చే కప్లర్ విప్పి, పూర్తి వేగంలో మీటరును ఏసీ మీద పెట్టి కొలవండి. యంత్రాన్ని బట్టి 20 నుంచి 30 వోల్టుల దాకా ఉండాలి. అది ఉంటే స్టేటరు మంచిదే. ఆ కప్లర్ పిన్నులు గోధుమ రంగుకు తిరిగి కాలాయేమో కూడా చూడండి. తరువాత రెగ్యులేటరును పారేసే ముందు, దాన్ని ఇంజన్‌కు బిగించిన బోల్టులు విప్పండి. చాలా రెగ్యులేటర్లకు ఎర్త్ వైరంటూ విడిగా ఉండదు, దాని ఒళ్లే ఎర్త్. అక్కడ తుప్పు పడితే ఛార్జింగు ఆగిపోతుంది.

పాతకాలపు_పానా

ఆ రెగ్యులేటరు దగ్గర, మా రోజుల్లో కటౌట్ అనేవాళ్లం, ఎమెరీ కాగితం పనికొస్తుంది, ఇప్పుడైనా నా మాట వినండి.

తోతాపురి_బంగారుపాళెం

పానా గారి ఎమెరీ కాగితానికే పని పడింది. స్టేటరు దగ్గర 27 వోల్టుల ఏసీ వచ్చింది. రెగ్యులేటరు బోల్టు విప్పితే వాషరు కింద ఎర్రటి తుప్పు పొడి రాలింది. రెండు వైపులా మెరిసేదాకా గీకి, నక్షత్రం ఆకారపు వాషరు వేసి బిగించాను. ఇప్పుడు పూర్తి వేగంలో 14.1, బ్లేడు వేస్తే 13.7 చూపుతోంది. చెన్నై దుకాణానికి ఫోను చేసి కాయిల్ వద్దని చెప్పేశాను.

కోనేటి_కట్ట

ఆ దుకాణం నంబరు నాకు వ్యక్తిగత సందేశంలో పంపండి. మా పక్క తోటలో ఒక బండి వేడెక్కాక ఆగుతోందట.

రేణిగుంట_ఆటోవైరింగ్

నంబరు తరువాత, ముందు స్పార్కు టెస్టరు పంపండి తోతాపురి గారూ.